చెప్పకుండా వెళ్లిన మంగళవారం

ఎల్బీ నగర్‌కు మెట్రో రైలు రావడానికి రెండేళ్ల ముందు, జూన్ రెండో వారంలో, నన్ను ఒక ఫీల్డ్ ట్రయల్‌కు ఇన్‌చార్జిగా వేస్తూ ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ను. బయటివాళ్లకు ఈ హోదాలు అంతుపట్టవు కాబట్టి చెబుతాను. మా ప్రయోగశాలలో ఆలోచన సైంటిస్టుది. ఆ ఆలోచన బల్ల మీద నిలబడేలా చూడటం టెక్నికల్ ఆఫీసరుది. దాన్ని నిజంగా చేత్తో చేసేది కాంట్రాక్టు మీద వచ్చే ప్రాజెక్ట్ అసిస్టెంటు. మర్యాద కూడా ఇదే వరుసలో తగ్గుతూ పోతుంది. ఆ ఏడాది మా సైంటిస్టు వేరే ప్రాజెక్టులో తలమునకలుగా ఉండటంతో ట్రయల్ భారం, రిపోర్టు మీద సంతకం రెండూ నా మీదే పడ్డాయి.

ట్రయల్ జరగవలసింది ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక లోపలికి ఉన్న ఒక గోదాములో. పేరు అక్కర్లేదు. అక్కడ సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లన్నీ బ్యాటరీ మీద నడిచేవి. ఆ బ్యాటరీలను ఛార్జ్ చేయడానికి వెనకవైపు ఒక గది ఉండేది. ఛార్జింగు చివరికొచ్చేసరికి బ్యాటరీలోని నీళ్లు విడిపోయి హైడ్రోజన్ బయటికొస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే తేలిక కాబట్టి పోయి కప్పు కింద చేరుతుంది. నూరు పాళ్ల గాలిలో నాలుగు పాళ్లు చేరిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మామూలు డిటెక్టరుకు కరెంటు కావాలి, కరెంటు ఉన్నచోట రవ్వ భయం ఉండనే ఉంటుంది. మా పరికరంలో ఆ బాధ లేదు. గదిలోకి వెళ్లేది గాజు తీగ, ఆ తీగలో పోయేది వెలుతురు, అంతే.

ఆ తీగనే ఆప్టికల్ ఫైబర్ అంటారు. వెంట్రుక కన్నా కాస్త మందం. దాని లోపల ఒకచోట, కంటికి కనిపించనంత దగ్గర దగ్గరగా గీతలు రాయిస్తాం. పంపిన వెలుతురులో ఒకే ఒక్క రంగును ఆ గీతలు వెనక్కి తిప్పి పంపుతాయి. అది తెర మీద ఒక శిఖరంలా కనిపిస్తుంది, పీక్ అంటాం. గీతలున్న చోట తీగకు పల్లేడియం అనే లోహాన్ని పలచగా పూస్తాం. పల్లేడియానికి హైడ్రోజన్ అంటే వెర్రి. నీళ్లలో వేసిన శనగ గింజలాగా దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. లోహం ఉబ్బితే తీగ సాగుతుంది, తీగ సాగితే పీక్ కుడివైపుకు జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే వాయువు ఎంత ఉందో తెలుస్తుంది. ఎండ వేడికి కూడా తీగ సాగుతుంది కాబట్టి పక్కనే పూత లేని రెండో తీగ పెడతాం. దాన్ని మేం సాక్షి అనేవాళ్లం. రెండూ కలిసి జరిగితే వేడి, ఒక్కటే జరిగితే హైడ్రోజన్.

ఇదంతా రాస్తుంటే మళ్లీ ఆ బల్ల ముందు కూర్చోవాలనిపిస్తోంది. ఉద్యోగం వదిలి ఇన్నాళ్లయినా మధ్యాహ్నం కునుకులో అప్పుడప్పుడు ఆ గది వస్తుంది. స్పిరిట్ వాసన, ఏసీ రొద, భూతద్దం మీదకు వంగిన యాదగిరి వీపు కనిపిస్తాయి.

యాదగిరి మా ప్రాజెక్ట్ అసిస్టెంటు. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లది బడంగ్‌పేట్ వైపు పాత ఊరి కుటుంబం. పొలాలు కాలనీలయ్యాక వాళ్ల నాన్న ప్లాట్ల వ్యాపారంలోకి దిగారు. కొడుకు వచ్చే కారు మా డైరెక్టరు కారు కన్నా పెద్దది. మొదట్లో ఆ కారును గేటు బయట ఎక్కడో ఆపి నడిచి వచ్చేవాడు. అంత ఉన్నవాడు ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగానికి ఎందుకొచ్చాడని అందరం ఆటపట్టించేవాళ్లం. నవ్వి ఊరుకునేవాడు. అతని చేతులు చూశాక నేను ఆ ప్రశ్న మానేశాను. రెండు తీగల్ని అతికించడాన్ని స్ప్లైసింగ్ అంటారు. పైతొడుగు ఒలవాలి, స్పిరిట్‌తో తుడవాలి, కొసను నిటారుగా కోయాలి, అప్పుడు యంత్రంలో పెట్టి కరిగించి కలపాలి. అతుకు దగ్గర ఎంత వెలుతురు పోయిందో యంత్రమే చూపిస్తుంది. నా చేతికి ఎప్పుడూ ఎంతో కొంత నష్టం వచ్చేది. యాదగిరి చేస్తే యంత్రం సున్నాలే చూపించేది. కోసిన తీగ ముక్కలు కాలికి గుచ్చుకుంటే కనబడవు, బయటికి రావు. అందుకని ప్రతి ముక్కనూ లెక్కపెట్టి మూత డబ్బాలో వేసేవాడు. ఒక్కటి తగ్గితే అది దొరికేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

వాళ్ల నాన్న మాత్రం రెండేళ్లుగా పట్టుపడుతున్నారు. ఆఫీసు తెరుస్తున్నాం, వచ్చి కూర్చో అని. చివరికి తండ్రీకొడుకులు ఒక మాట అనుకున్నారు. సెప్టెంబరు ఆఖరుకు ప్రాజెక్టు పొడిగిస్తే యాదగిరి ల్యాబులోనే ఉంటాడు, లేకపోతే దసరాకు బడంగ్‌పేట్ ఆఫీసులో కూర్చుంటాడు. ఈ సంగతి జూన్‌లోనే అతను నాకు చెప్పాడు. పొడిగింపు ట్రయల్ మీద ఆధారపడింది, ట్రయల్ నా రిపోర్టు మీద. అంటే అతను ఈ పనిలో ఉంటాడా పోతాడా అన్నది నా కలం మొనలో ఉందన్నమాట. నాకు ఆ సంగతి ఒక్కరోజు కూడా మరుపున పడలేదు.

జూన్ నెలాఖరుకు ఛార్జింగు గది కప్పు కింద మూడు చోట్ల సెన్సర్లు బిగించాం. అక్కడి నుంచి తీగను గేటు పక్క ఆఫీసు గది దాకా లాగి ఒక పెట్టెలో ముగించాం. రీడింగు తీసే యంత్రం మా దగ్గర ఒక్కటే ఉండేది. దాన్ని అక్కడ వదలడానికి లేదు కాబట్టి వారం వారం సూట్‌కేసులో తీసుకెళ్లి పెట్టెకు కలిపి చూసేవాళ్లం. మంగళవారాల్లో బ్యాటరీలకు మామూలు కన్నా ఎక్కువసేపు ఛార్జింగు పెడతారు. అది ముగింపుకొచ్చే పదకొండు గంటలకు వాయువు ఎక్కువ రావాలి. అందుకే మంగళవారం పదకొండు. ముందురోజు గోదాము మేనేజరుకు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పడం, నెలకోసారి గేటు పాసు రాయించుకోవడం నియమం. నేను నియమం తప్పే మనిషిని కాదు. అదే నా గొప్ప అనుకునేదాన్ని.

జులై అంతా సున్నా. ఆగస్టు అంతా సున్నా. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా, మెట్రో స్తంభాల కింద గంటసేపు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లడం, పెట్టె తెరవడం, కదలని పీక్‌ను చూడటం, రిజిస్టరులో సున్నా రాసి వెనక్కి రావడం. ఏదో కొంచెం జరిగినా సంతోషించేదాన్ని. సాక్షి తీగ వేడికి కదిలినంతే పూత తీగా కదిలేది. 

నా దగ్గర కారణం తయారుగా ఉంది. గంధకం కలిసిన పదార్థాలు తగిలితే పల్లేడియం పూత చచ్చిపోతుందని మా పుస్తకాల్లో ఉంది. బ్యాటరీలో ఉండేది గంధకామ్లమే. ఆ తుంపర తగిలి పూత విషమెక్కిందని తేల్చుకున్నాను. యాదగిరి ఒప్పుకోలేదు. ఆగస్టు చివర ఒక సెన్సరును ఊడదీయించి ల్యాబుకు తెచ్చి సిలిండర్ వాయువుతో పరీక్షించాడు. పీక్ చక్కగా జరిగింది. తర్వాతి వారం తనే వెళ్లి దాన్ని తిరిగి బిగించి వచ్చాడు. ఒక్కటి బాగున్నంత మాత్రాన మిగతా రెండూ బాగున్నట్టు కాదని నేనన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు, నేను ఆ రోజుల్లో ఆ కుందేలును గట్టిగా పట్టుకున్నాను.

ఆ సెన్సరు ఊడదీసిన రోజు మేమిద్దరం ఛార్జింగు గదిలోకి వెళ్లాం. మొదట బిగించిన రోజు తర్వాత నేను లోపలికి వెళ్లింది అదొక్కసారే. సూపర్‌వైజరు లేకుండా, రబ్బరు బూట్లు లేకుండా లోపలికి రానివ్వరు. గది చూసి నాకు ముచ్చటేసింది. నేల కడిగి ఉంది. రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గది చూసుకునే బాలమణి తలుపు పక్కన ఒద్దికగా నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, చంపాపేట్ నుంచి రోజూ రెండు ఆటోలు మారి వచ్చేది. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోయడం, గది ఊడవడం ఆమె పని. ఛార్జింగు గది అంటే ఇలా ఉండాలని నేను ఆమెను మెచ్చుకున్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ మెచ్చుకోలు ఎంత పని చేసిందో నాకు తర్వాత గాని తెలియలేదు.

బయటికి వచ్చాక యాదగిరి ఆ సెన్సరును మెత్తటి గుడ్డలో చుట్టి సూట్‌కేసులో పెట్టాడు. కారెక్కే ముందు అన్నాడు.

“వచ్చే మంగళవారం ఫోన్ చెయ్యకుంట పోదాం మేడం. ఒక్కసారి.”

ఎందుకని అడిగాను. అన్ని పద్ధతులూ మార్చి చూశాం, అదొక్కటే మార్చలేదు, అందుకన్నాడు. గేటు దగ్గర ఆపేస్తారని, మాట వస్తుందని, ప్రయోగశాల పరువు పోతుందని నేను కొట్టిపారేశాను. నాలుగైదు వాక్యాల్లో అతని మాట ముగించేశాను. ఇన్నేళ్ల తర్వాత ఆ నాలుగైదు వాక్యాలూ నాకు పదం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

సెప్టెంబరు రెండో వారంలో సమీక్ష. నేనిచ్చిన మధ్యంతర రిపోర్టు రెండు పేజీలు. పూత విషమెక్కింది, పరికరం ప్రస్తుత రూపంలో బ్యాటరీ గదులకు పనికిరాదు. కమిటీ పదిహేను నిమిషాల్లో ప్రాజెక్టు మూసేసింది. నెలాఖరుకు సామాను వెనక్కి తేవాలి, కాంట్రాక్టులు ఆ రోజుతో ముగుస్తాయి. ఈ మాట యాదగిరికి చెప్పినప్పుడు అతను తీగ కోస్తున్నాడు. కోయడం పూర్తి చేసి, ముక్కను డబ్బాలో వేసి, మూత పెట్టి, అప్పుడు తలెత్తి సరే మేడం అన్నాడు.

సెప్టెంబరు చివరి మంగళవారం సెన్సర్లు దించడానికి వెళ్లాం. ఆ వారం నేను మేనేజరుకు ఫోన్ చేయలేదు. నియమం తప్పాలని కాదు. మా పని ఫెయిలైంది, సామాను తీసుకుపోతున్నాం అని చెప్పడానికి నోరు రాలేదు. పాసుకు నెలాఖరు దాకా గడువు ఉంది కదా అని సమాధానపడ్డాను. వాన పడుతోంది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఆఫీసు గదిలోనూ ఎవరూ లేరు.

దించేముందు ఆఖరి రీడింగు రిజిస్టరులో రాయాలి. యాదగిరి యంత్రాన్ని పెట్టెకు కలుపుతున్నాడు. అది వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆగలేదు. తేదీ వేసి, సమయం వేసి, మూడు గడుల్లో మూడు సున్నాలు రాసేశాను. సంతకం కూడా పెట్టబోతున్నాను.

“సున్నాలు కొట్టెయ్యండి మేడం,” అన్నాడు యాదగిరి.

తెర చూశాను. సాక్షి ఉన్నచోటే ఉంది. మూడు పీకులూ కుడివైపుకు జరిగి ఉన్నాయి. మూలన ఉన్న సెన్సరుది అన్నిటికన్నా ముందుంది. లెక్క వేస్తే నూటికి ఒకటి దాటింది. ఎక్కడైనా అలారం మోగవలసిన మట్టం అది. మేం చూస్తుండగానే ఇంకొంచెం జరిగింది.

ఆ పూట నాకు కలిగింది సంతోషమా భయమా అని అడిగితే రెండూనని చెబుతాను. కానీ వాటికి సమయం లేదు. ఆఫీసు బయట గోడకున్న ప్యానెల్‌లో ఛార్జరు కరెంటు తీసేశాం. సూపర్‌వైజరును కేకేసి ఎవరూ లోపలికి వెళ్లవద్దని చెప్పించాం. వాన చినుకుల్లో కొంగు నెత్తిన వేసుకుని బాలమణి పరుగున వచ్చింది. ఆమె మొహంలో భయం కాదు, నొచ్చుకోవడం ఉంది.

“మీరొస్తరని ఎవ్వలు చెప్పలే మేడం. చెప్తే కిటికీలు తెరిచి పెడ్తుంటి గద.”

రోజూ తెరవవా అని అడిగాను.

“రోజు ఎట్ల తెరుస్త మేడం? పావురాలు లోపటికొచ్చి బ్యాటరీల మీద గలీజ్ చేస్తయ్. మీరొచ్చే రోజు పొద్దుగాల్నే తెరిచి, ఫ్యాన్ ఏసి, నేల కడుగుత. మీకు మంచిగ కనవడాలె గదా.”

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. మనవాళ్లందరి అలవాటే అది. సార్లు వస్తున్నారంటే ఊడుస్తాం, కడుగుతాం, సున్నం కొడతాం. నేనూ అంతే, మా డైరెక్టరు వచ్చే ముందు బల్ల సర్దేదాన్ని. సోమవారం నేను ఫోన్ చేసేదాన్ని, మంగళవారం ఆమె కిటికీలు తెరిచేది, పదకొండుకు గదిలో హైడ్రోజన్ ఉండేది కాదు. మూడు నెలలు నా సెన్సర్లు నిజమే చెప్పాయి. నేనే వాటికి చావు రాశాను.

ఆమె అలవాటుగా ఫ్యాను వేయడానికి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ ఫ్యాను మోటారు గదిలోపలే ఉంది, అప్పుడు దాన్ని వేయడమే ప్రమాదం. బయట నిలబడి కర్రతో రెండు కిటికీలూ తోసి తెరిపించాం. ఆ తర్వాత యాదగిరీ నేనూ తెర ముందు కూర్చున్నాం. పీకులు మెల్లగా ఎడమవైపుకు నడిచాయి. ఇరవై నిమిషాల్లో మూడూ సాక్షి పక్కకు వచ్చి నిలబడ్డాయి. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో అంత అందమైనది నేను చూడలేదు. ఇప్పటికీ ఆ ఇరవై నిమిషాలు తిరిగి ఇస్తానంటే నా పెన్షనంతా వదులుకుంటాను.

నేను ఆ రోజే తప్పొప్పుల లేఖ రాశాను. మధ్యంతర రిపోర్టులోని తీర్మానం తప్పు, తప్పు పరికరానిది కాదు, పరీక్షించిన పద్ధతిది, ఆ పద్ధతి నాది. గోదాములో మాత్రం మార్పు వెంటనే వచ్చింది. కిటికీలకు పావురాలు దూరకుండా జాలీ కొట్టించి, ఎప్పుడూ తెరిచే ఉంచమన్నారు. కమిటీ నా లేఖను వచ్చే ఏడాది పరిశీలనకు పెట్టింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఆ మాత్రమే పనిచేస్తాయి.

కాంట్రాక్టు ముగిసే రోజు యాదగిరి బల్ల తుడిచి, పనిముట్లు వరుసగా పెట్టి నా గదికి వచ్చాడు. మార్చి దాకా ఆగమని అడిగాను. ప్రాజెక్టు మళ్లీ తెరుస్తారని, అప్పుడు నీ పేరే రాస్తానని చెప్పాను. నేను బతిమాలింది ఉద్యోగ జీవితంలో అదొక్కసారే.

“నాయనకు మాటిచ్చిన మేడం. దసరాకు ముహూర్తం పెట్టిండు.” ల్యాబు తాళంచెవి నా బల్ల మీద పెడుతూ అన్నాడు. “మీరు పూతను నమ్మలే, అది వేరే ముచ్చట. నేను చెప్పింది జర వింటే అయిపోతుండె.”

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నేను క్షమించమన్నాను. అతను నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ సాయంత్రం నా చీర కుచ్చిళ్లలో ఏదో మెరిసింది, చూస్తే వేలెడు తీగ ముక్క. డబ్బాలో వేసి మూత పెట్టాను.

తర్వాతి ఏడాది ప్రాజెక్టు తిరిగి తెరిచారు. పరికరం ఒప్పుకున్నారు, ఇప్పుడు మరికొన్ని చోట్ల పనిచేస్తోంది. యాదగిరి స్థానంలో వచ్చిన అమ్మాయి తెలివైనది. అయినా ఆ బల్ల ముందుకు వెళ్లినప్పుడల్లా నేను ఇంకో వీపు కోసం చూసేదాన్ని. రిటైరయ్యే రోజు దాకా ఆ చూపు పోలేదు.

పోయిన ఏడాది కళ్లజోడు మార్చుకోవడానికి వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్తే, ఆ దుకాణంలోనే యాదగిరి కనిపించాడు. కాస్త ఒళ్లు చేశాడు, తెల్లచొక్కా, రెండు ఫోన్లు. ఇద్దరం చదివే అద్దాలకే వచ్చాం. దగ్గరివి మసకగా ఉంటున్నాయని చెప్పాడు. కుశల ప్రశ్నలయ్యాయి. వ్యాపారం బాగానే ఉందట. ఒక ఫోను మోగితే కట్ చేసి అడిగాడు.

“ఇప్పుడు స్ప్లైసింగ్ ఎవరు చేస్తున్నరు మేడం? లాస్ ఎంతొస్తుంది?”

కొత్త యంత్రం వచ్చింది, అదే సర్దుకుని అతికిస్తుంది, అయినా సున్నా చూపించడం లేదు అని చెప్పాను. అతను నవ్వాడు. నవ్వుతూ కుడిచేతి బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానితో ఒకటి రాసుకున్నాడు, తీగ కొసను తుడిచేటప్పుడు చేసినట్టే. చేస్తున్నట్టు అతనికి తెలియదు. నేను మాత్రం అద్దాల రేటు అడుగుతున్నట్టు అటు తిరిగాను.

కొత్తగా చేరేవారి కోసం రిటైరయ్యే ముందు నేను రాసిచ్చిన ఫీల్డ్ ట్రయల్ నియమావళి ఇప్పటికీ ల్యాబులో వాడుతున్నారు. అందులో మొదటి నియమం ఇది. రీడింగు తీసుకునే చోట మనుషులు రోజూ ఎలా పనిచేస్తారో ముందు తెలుసుకోవాలి, కనీసం ఒక రీడింగు ఎవరికీ చెప్పకుండా వెళ్లి తీసుకోవాలి. ఈ ఉదంతం నాకు నేర్పింది అంతే. ఆ మాట యాదగిరిది. దాని కింద ఉన్న సంతకం నాది.